మొక్కను మార్చాలా, మట్టిని మార్చాలా

మొక్క పక్షం: పెరట్లో ఏం పెట్టాలని అడిగేవాళ్లు ముందు ఎండ గురించే అడుగుతారు చెల్లె. రామగుండం పేరు చెబితే రాష్ట్రమంతటికీ ఎండే గుర్తొస్తుంది కాబట్టి అందులో వింత లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే నేల ఇది. కానీ ఏడాది వానలో చాలా భాగం ఇదే నేల మీద జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే పడిపోతుంది. రామగిరి గుట్ట మీదికి మొగులు దిగి ముసురు పట్టిందంటే వారం రోజులు పెరట్లో కాలు పెట్టలేం. అంటే మన మొక్కకు ఒకే ఏడాదిలో, ఒకే గుంతలో రెండు పరీక్షలు. వానాకాలం బురదలో నిలబడాలి, ఎండాకాలం బీటల మధ్య బతకాలి. ఎండకు నిలిచే మొక్క ఒకటి, నీళ్లకు నిలిచే మొక్క ఇంకొకటి అని పంచుకుంటే కుదరదు. రెండింటికీ నిలిచేదే ఇక్కడి మొక్క. అట్లాంటి వాటినే పెట్టుకోవాలన్నది నా మాట.

మట్టి పక్షం: మీ లెక్క సరిగానే ఉందన్నా, ప్రశ్నే మొక్క వైపు తిరిగింది. మీరు నీళ్లు నిలిచే చోట మొక్కను నిలబెట్టి, తట్టుకుంటావా అని దాన్ని అడుగుతున్నారు. నీళ్లు ఎందుకు నిలిచాయని మట్టిని అడగడం లేదు. మా పెరడూ మీ పెరడూ ఒకే వానకు తడుస్తాయి. నేను జానెడున్నర ఎత్తున మడులు పోశాను. మడికీ మడికీ మధ్య కాలువ తీశాను. ఏటా రెండు తట్టలు పశువుల ఎరువు, రాలిన ఆకంతా ఆ మట్టికే. ముసురులో ఎక్కువైన నీళ్లు కాలువలోకి జారిపోతాయి. ఎండాకాలం అదే మట్టి ఆకుచెత్త కింద తేమ పట్టుకుని ఉంటుంది. ఒక్క పనితో రెండు పరీక్షలూ తేలికయ్యాయి. ఇప్పుడు మల్లె, కరివేపాకు, మునగ, బంతి ఏది పెట్టినా వస్తుంది. మొక్కల జాబితా కుదించుకోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మొక్క పక్షం: కరివేపాకు అన్నావు కాబట్టి మా ఇంటి సంగతి చెబుతా. వెనక పంపు పక్కన ఒకటి ఉండేది. నిలువెత్తు పెరిగింది. ఒక ఏప్రిల్‌లో నాలుగు రోజుల్లో ఆకంతా వాడింది. ఎండకనుకుని పూటకో బకెట్ నీళ్లు పోశాం. అయినా పోయింది. పీకి చూస్తే వేరు మీది తొక్క తడి గుడ్డలా చేతికే ఊడివచ్చింది, లోపల నల్లటి దారం మిగిలింది, కుళ్లిన వాసన. కింది వేళ్లు అప్పటికి ఎన్నో నెలల కింద చచ్చిపోయాయి. జూలై ముసురులో మట్టి రంధ్రాలన్నీ నీళ్లతో నిండితే వేరుకు గాలి ఆడదు. నీళ్లలో ఆక్సిజన్ కదిలే వేగం గాలిలోకంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ. లోతు వేళ్లు ఊపిరాడక పోతాయి, పైపై వేళ్లతో చెట్టు చలికాలమంతా పచ్చగానే కనిపిస్తుంది. ఎండాకాలం అడుగు నుంచి నీళ్లు తోడాల్సి వచ్చినప్పుడు తోడే వేరు ఉండదు. ఏప్రిల్‌లో చచ్చిందని మనం ఏడ్చే మొక్క చాలాసార్లు జూలైలోనే చచ్చి ఉంటుంది. నీళ్లు ఎక్కువైనా ఆకు వాడుతుంది, తక్కువైనా వాడుతుంది. చూసేవాళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ఈ రెంటినీ విడదీసి మొక్కను ఎంచుకోకూడదంటున్నా.

మట్టి పక్షం: మీరు చెప్పిన కారణం నా వాదానికే బలం అన్నా. ఊపిరాడక పోయిందన్నారు. ఊపిరి పోసేది మట్టే కదా? గుల్లగా ఉండి, నీళ్లు జారే దారి ఉంటే ఆ కరివేపాకు బతికేది. 2022 జూలైలో గోదావరి పొంగి మంథని వీధుల్లోకి నీళ్లొచ్చిన వారం, మా కాలనీలో బొప్పాయి చెట్లు చాలా పోయాయి. బొప్పాయి వేళ్ల దగ్గర నీళ్లు రెండు రోజులు నిలిస్తే చాలు, మళ్లీ లేవదు. మడి మీదున్న మా రెండు బొప్పాయిలు ఆకులు రాల్చినా బతికాయి. అదే జాతి, అదే వాన. తేడా జానెడున్నర మట్టిలోనే ఉంది.

మొక్క పక్షం: ఆ తేడాను నేను కాదనను. కానీ ఆ వారం మా పంపు పక్కన మెట్టతామర అయిదు రోజులు నీళ్లలోనే ఉంది. ఆకులు చిరిగి పడిపోయాయి. పదిహేను రోజుల్లో దుంప నుంచి కొత్త మొలకలొచ్చాయి. అదే మొక్క మేలో నీళ్లు లేక పైకంతా ఎండిపోయింది, దుంప భూమిలో పడుకుంది, తొలకరికి మళ్లీ లేచింది. మనవాళ్లు పెట్టిన పేరు చూడు. మెట్ట, తామర. ఎండు నేల, తడి నేల రెండూ ఆ ఒక్క పేరులోనే ఉన్నాయి. తెల్లమద్దిని ఏరుమద్ది అంటారు. ఏటి గట్టున ఉండే చెట్టు అది. ఏరు మూడు నెలలు పారుతుంది, మిగిలిన నెలల్లో ఇసుకే. ఆ ఇసుకలోనే మద్ది నిలబడి ఉంటుంది. ఇట్లాంటి చోట్లను చూసి నేర్చుకోమంటున్నా. ఏడాదికోసారి నిండి, ఏడాదికోసారి ఎండే చోట్లు మన చుట్టూ ఉన్నాయి, ఒర్రె గట్టు, చెరువు శిఖం, కుంట అంచు. అక్కడ తరతరాలుగా పెరిగినవి ఏవి? కానుగ, మద్ది, నేరేడు, వావిలి, నల్లతుమ్మ, ఈత, వట్టివేరు. చెరువు నిండితే మొదలు మునిగేదాకా నీళ్లలో నిలబడే నల్లతుమ్మను చూశావు కదా. అదే తుమ్మ ఎండిన శిఖంలో మేకలకు కాయ రాలుస్తుంది. దానికి ఎవరూ మడి కట్టలేదు.

మట్టి పక్షం: అయితే మీ పరీక్షను ఇంకో రెండింటికి పెట్టి చూద్దాం. మన రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు. రెండూ మెట్ట బిడ్డలే. గుల్ల నేల, నీళ్లు జారే వాలు ఉంటేనే తంగేడుకు ఒంటబడుతుంది. పెరటి గుంతలో వానాకాలమంతా నీళ్లు నిలిస్తే తంగేడు బతకదు. మీ లెక్క ప్రకారం తంగేడుకు పెరట్లో చోటు లేదు. బంతి బురదలో మొదలు కుళ్లుతుంది, దానికీ లేదు. సాయంత్రం కోసుకునే మల్లెకూ లేదు. మరి బతుకమ్మ దేనితో పేర్చాలి? పెరడంటే ఏది చావకుండా ఉంటుందో దాన్ని పెంచే చోటు మాత్రమే కాదన్నా. మనకు కావాల్సినదాన్ని పెంచుకునే చోటు. కావాల్సినదాని కోసం చేయి మట్టిలో పెట్టడమే తోటపని. ఆ పని వద్దంటే ఎంపిక కూడా మొక్కే చేస్తుంది, మనం కాదు.

మొక్క పక్షం: ఇది గట్టి దెబ్బే, ఒప్పుకుంటున్నా. బతుకమ్మలో తంగేడు లేకపోతే ఆ పండుగే లేదు. కానీ తంగేడును మనవాళ్లు పెరట్లో పెంచలేదు చెల్లె. గుట్ట వాలు నుంచి, చెలక గట్టు నుంచి కోసుకొచ్చారు. గునుగూ అంతే, చేను గట్టున తనంతట తనే వస్తుంది. రామగిరి ఖిల్లాను ఒక్కసారి కింది నుంచి పైదాకా చూడు. మందు మొక్కలకు పేరున్న గుట్ట అది. ఒకే గుట్ట మీద నీళ్లు జారే రాతి వాలుకు ఒక రకం మొక్క, నీళ్లు చేరే లోయకు ఇంకో రకం మొక్క. ఎవరూ మట్టి మోయలేదు. ఏ చోటుకు తగినది ఆ చోట నిలిచింది. పెరట్లోనూ ఎత్తైన మూల ఉంటే అక్కడ తంగేడు పెట్టు, నేను అడ్డు రాను. పల్లంలో తంగేడు కావాలని పట్టుబట్టి ఏటా మట్టి పోయడం నాకు నచ్చదు.

మట్టి పక్షం: సింగరేణి కాలనీ పెరడు గుట్ట కాదన్నా. క్వార్టర్ కట్టినప్పుడు నేలను చదును చేశారు. ఎక్కడో తవ్విన మట్టి తెచ్చి పోశారు, కంకర, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు అన్నీ అందులోనే. గడ్డపార వేస్తే ఒక అడుగు నల్లరేగడి, దాని కింద ఎర్రమొరం, ఆ కింద ఏదో తెలియని పూడిక. ప్రకృతి ఎంచిన చోటైతే ప్రకృతి ఎంచిన మొక్క సరే. మనిషి చెడగొట్టిన చోటును మనిషే బాగు చేయాలి. అక్కడికి ఒర్రె చెట్టును తెచ్చి నువ్వే సర్దుకో అనడం నాకు న్యాయంగా తోచదు. ఇంకో మాట. తట్టుకోవడమే కొలబద్ద అయితే మొదటి బహుమతి సర్కారు తుమ్మకు ఇవ్వాలి. 1870ల్లో కడప జిల్లా కమలాపురం దగ్గర వంట చెరకు కోసమని తెచ్చి పెట్టిన విదేశీ మొక్క అది. ఎండకు చావదు, తడికి చావదు, కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. ఇప్పుడు ఎన్ని చెరువు శిఖాలను కమ్మిందో చూస్తూనే ఉన్నాం. కోనోకార్పస్ కూడా ఏ నేలలోనైనా పచ్చగా ఉంటుందనే కదా రోడ్ల వెంట నాటారు. 2023లో గుజరాత్ దాన్ని నిషేధించింది.

మొక్క పక్షం: నిజం. తట్టుకునేదల్లా మంచిది కాదు. ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది నేను. అందుకే నా ఎంపికకు ఇంకో రెండు నియమాలు పెడతా. ఒకటి, ఆ మొక్క ఈ గోదావరి పక్క నేలకు పాతకాపు అయి ఉండాలి, దాన్ని తినే పురుగు, దాని పువ్వు మీద వాలే తేనెటీగ ఇక్కడ ఉండాలి. రెండు, అది మన నేలకు తిరిగి ఏదైనా ఇవ్వాలి. కానుగను తీసుకో. నీళ్లు నిలిచినా ఓర్చుకుంటుంది, కరువుకూ ఓర్చుకుంటుంది. ఎండలు ముదరకముందే పాత ఆకు రాల్చి, మిగతావన్నీ మోడుబారే రోజుల్లో కొత్త ఆకుతో నీడ పడుతుంది. వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. కానుగ కొమ్మ నరికి పొలంలో తొక్కించడం మన రైతుకు కొత్త కాదు. నువ్వు తట్టలతో మోసే ఎరువును ఆ చెట్టు తనంతట తనే రాలుస్తుంది. మట్టిని బాగు చేసేది మనిషే అన్నావు. అంతకంటే ముందు నుంచి మొక్కే చేస్తోంది.

మట్టి పక్షం: ఆ మాటకు నా దగ్గర ఎదురు లేదు. రాలిన ఆకు లేకపోతే నా మడులూ లేవు. కానీ అది జరగడానికి ఎన్నేళ్లు పడుతుందన్నా? కానుగ ఆకు రాలి, మగ్గి, రేగడిని గుల్ల చేయాలంటే పదేళ్లు కావాలి. ఆ పదేళ్లు ఇంట్లో కూర ఏం వండాలి? ఇంకో భయమూ ఉంది. మీ జాబితా చిన్నది. అందరూ అవే పది మొక్కలు నాటితే వాటిలో ఒకదానికి తెగులు వచ్చిన రోజు ఊరంతా బోడవుతుంది. దేనికీ చావదనుకున్న వేపకే 2021లో రాష్ట్రమంతటా కొమ్మలు ఎండే తెగులు పట్టింది. ఏ చెట్టు చూసినా పైనుంచి మాడినట్టు కనిపించిన ఆ రోజులు మీకూ గుర్తుండాలి. మట్టి బాగుంటే నలభై రకాలు పెట్టొచ్చు. ఒకటి పోయినా ముప్పైతొమ్మిది ఉంటాయి.

మొక్క పక్షం: కూర సంగతి ముందు చెబుతా. చేమ పెట్టు. బురదలో పెరుగుతుంది, ఎండాకాలం గడ్డగా దాక్కుంటుంది. పొన్నగంటి కూర తడిలో దట్టంగా పాకుతుంది, ఎండితే కణుపుల దగ్గర ప్రాణం దాచుకుని తొలకరికి లేస్తుంది. జామ రెండు కాలాలకూ ఓర్చుకునే పండ్ల చెట్టు. వావిలి ఆకు బాలింత స్నానానికి, ఒంటి నొప్పులకు. ఇవన్నీ తిండీ మందూ ఇచ్చేవే. నలభై రకాల మాట మంచిదే. కానీ ఆ నలభైని ఎవరు బతికిస్తున్నారో చెప్పు. మేలో నల్లా ఎప్పుడొస్తుందో తెలియదు. మగవాళ్లు ఫస్ట్ షిఫ్ట్‌కు తెల్లవారకముందే పోతారు. బిందెలు పట్టేది ఆడవాళ్లు. గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు బకెట్లో దాచి మొక్కకింతని పోసేదీ వాళ్లే. నీ మడులు జానెడున్నర ఎత్తున్నాయి కాబట్టి వానాకాలం నీళ్లు త్వరగా జారతాయి. అదే కారణానికి ఎండాకాలం చుట్టూ గాలి తగిలి త్వరగా ఎండుతాయి కూడా. ఆకు కప్పినా ఆ లోటు పూర్తిగా పూడదు. ఒక ఇంట్లో జ్వరం వచ్చి నాలుగు రోజులు నీళ్లు పోయకపోతే నలభైలో ఎన్ని మిగులుతాయి? రోజూ ఒకరి నడుము మీద నిలబడే తోటను నేను నిలిచిన తోట అనను.

మట్టి పక్షం: ఆ నడుము నాదే కాబట్టి మీ మాట నాకు లోపలికి దిగింది. ఎత్తు మడి ఎండాకాలం ఎక్కువ నీళ్లు తాగుతుంది, అది అబద్ధం కాదు. అందుకే ఫిబ్రవరి దాటాక మడి అంచులు పైకి లాగి నడుమ పల్లం చేస్తాను. వానాకాలం దిబ్బ, ఎండాకాలం దొన. మొక్క కదలదు, మట్టే ఆకారం మారుతుంది. పని ఉంది, కాదనను. కానీ మీ మొక్కలు పని లేకుండా వస్తున్నాయా? కానుగ మొక్కైనా, మద్దైనా మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోయకపోతే నిలవదు. వట్టివేరు కూడా నాటిన మూడు నాలుగు నెలలు తడి అడుగుతుంది. నాటిన రోజు నుంచే అన్నీ తట్టుకుంటుందనుకుని వదిలేస్తే చాలా మొక్కలు మొదటి మేలోనే కట్టెలవుతాయి.

మొక్క పక్షం: ఆ హెచ్చరిక గోడల మీద రాయించాలి. తట్టుకునే గుణం వేరులో ఉంటుంది, వేరు దిగాకే అది పనిచేస్తుంది. రెండేళ్లు మనిషి మొక్కకు కాపు, ఆ తర్వాత మొక్క మనిషికి కాపు. నీకు నడుము వంచే పని ఏటా ఉంటుంది, నాకు రెండేళ్లే. ఇక నీ కాలువ సంగతి అడగాలి. ఆ కాలువలో జారిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

మట్టి పక్షం: బయటి మోరీలోకి.

మొక్క పక్షం: మోరీ నుంచి కింది వరస క్వార్టర్లకు. అక్కడి నుంచి పల్లంలోని గుడిసెలకు. 600 చదరపు అడుగుల స్లాబు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 2,700 లీటర్లకు పైగా నీళ్లు. ఒక్క ఇంటి కప్పు నుంచి, ఒక్క పూట వానకు. ప్రతి ఇల్లూ నీలాగే ఎత్తు చేసి కాలువ తీస్తే కాలనీ పై వరసలన్నీ పొడిగా ఉంటాయి, కింది వరస మునుగుతుంది. మేలో మళ్లీ పై వరసే ట్యాంకర్ కోసం నిలబడుతుంది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో 1990 నుంచి వాన తోటలని కొత్త పద్ధతి మొదలుపెట్టారు. కప్పు నీళ్లు పడే చోట నేలను కొంచెం పల్లం చేసి, మునిగినా ఎండినా నిలిచే మొక్కలు అందులో పెట్టి, నీళ్లను అక్కడే ఇంకనిస్తారు. మనకది కొత్త కాదు, కుంట అంచు తోటే. పల్లాన్ని పూడ్చకుండా పల్లంలో బతికేదాన్ని పెట్టడం. తట్టుకునే మొక్క ఉంటేనే నీళ్లను మన దగ్గర ఆపుకోగలం. అది లేకపోతే నీళ్లను పక్కవాడి మీదికి తోలడం తప్ప దారి లేదు.

మట్టి పక్షం: నా కాలువ కింది ఇంటి దాకా పోతుందని నేను ఎప్పుడూ ఆలోచించలేదన్నా. ఈ ఒక్క మాటకు నా పెరడు మళ్లీ గీసుకోవాలి. అయినా ఆ పల్లం గురించి రెండు భయాలు చెప్పనివ్వండి. నీళ్లు వారం నిలిస్తే దోమ గుడ్డు దోమై లేస్తుంది. వానాకాలం ఆసుపత్రి వరండాలు డెంగీ జ్వరాలతో నిండడం మనకు తెలుసు. నీళ్లు రెండు రోజుల్లో ఇంకాలి. రేగడిలో అట్లా ఇంకవు. మట్టిని మార్చకుండా మీ పల్లం తోట కూడా పనిచేయదు. గుంత తవ్వి ఇసుక, ఎరువు కలపక తప్పదు. రెండోది గోడ. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని చేయి పట్టేంత బీటలిస్తుంది. గోడ పక్కన పెద్ద చెట్టు వేరు ఆ మట్టి తేమ లాగేస్తే బీట పునాది దాకా పోతుంది. నేరేడు, మద్ది ఒర్రె గట్టున గొప్పవే. ఇరవై అడుగుల పెరట్లో అవి చెట్లు కావు, తగాదాలు.

మొక్క పక్షం: పెద్ద చెట్టు గోడకు దూరంగా ఉండాలి. పెరడు చిన్నదైతే మద్ది వద్దు, వావిలి చాలు. గన్నేరూ నా జాబితాలో ఉండేది. వాగు రాళ్ల మధ్య పుట్టిన జాతి, రెండు కాలాలకూ నిలుస్తుంది, పువ్వు తెగదు. కానీ ఆకు నుంచి వేరు దాకా విషం. చిన్నపిల్లలున్న ఇంటికి నేను చెప్పను. మట్టి ఇంకించుకుంటుందో లేదో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి నిండా నీళ్లు పోయాలి. అవి ఇంకాక మళ్లీ నింపి చూడాలి. రెండోసారి పోసిన నీళ్లు తెల్లారేసరికి ఇంకితే నీ మల్లె పెట్టు, తంగేడు పెట్టు, నాతో వాదం అక్కర్లేదు. మరునాటికీ నిలిచి ఉంటే నా మొక్కల దగ్గరికి రా.

మట్టి పక్షం: లేదా మరునాటికీ నిలిచి ఉంటే మట్టి పని మొదలుపెట్టాలి. అదే గుంత, అదే నీళ్లు, మీకు మొక్క కనిపిస్తుంది, నాకు పని కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో బెత్ చాటో అనే తోటమాలి ఉండేది. ఎసెక్స్‌లో, ఆ దేశానికి వాన తక్కువ పడే మూలలో, కార్లు నిలిపే కంకర స్థలాన్ని 1990ల మొదట్లో తోటగా మార్చింది. నాటాక నీళ్లు పెట్టలేదు. చోటుకు తగిన మొక్క అని మీలాంటి వాళ్లు ఆమెనే చూపిస్తారు. కానీ నాటకముందు ఆమె ఏం చేసింది? బండ్లు తొక్కి గట్టిపడిన ఆ నేలను లోతుగా చీల్పించింది, ఎరువు కలిపింది. తగిన మొక్కకు కూడా ముందు ఊపిరాడే నేల కావాలి.

మొక్క పక్షం: అదే తోటకు ఆమె కరువుకు ఓర్చే మొక్కలనే ఎంచుకుందన్నది కూడా గుర్తుంచుకో. సరే, పెరడు వదిలి పెద్ద చోటుకు పోదాం. ఓపెన్ కాస్ట్ బొగ్గు గని పక్కన లేచిన మట్టి గుట్టలను చూడు. అది మట్టి కూడా కాదు. భూమి లోపలి నుంచి తీసిన ఇసుకరాయి, షేల్, బంకమన్ను కలిసిన గుట్ట. డంపర్లు తొక్కి పైపొర సిమెంటులా అవుతుంది. వాన పడితే ఇంకదు, చాళ్లు కోసుకుంటూ కిందికి పారుతుంది. ఒకే వాలు మీద పైన వరద, లోపల కరువు. అక్కడ నువ్వు ఎన్ని తట్టల ఎరువు మోస్తావు? వట్టివేరు గుబురుగా అడ్డ వరసలు పెడితే దాని వేళ్లు గజాల లోతుకు నిలువునా దిగి వాలును కుట్టేస్తాయి. దాని వెనక కానుగ, వెదురు. ఏటేటా ఆకు రాలి పైన పలుచగా నల్లటి పొర పడుతుంది. ఆ పొర కోసం ముందు తట్టుకునే మొక్క ఒకటి నిలబడాలి. మట్టి బాగయ్యేదాకా ఆగుతామంటే ఆ గుట్ట కొంచెం కొంచెంగా ఒర్రెల్లోకి, అక్కడి నుంచి గోదావరిలోకి పోతుంది.

మట్టి పక్షం: ఇక్కడే నాకు మీ మాట వింటే గుండె బరువెక్కుతుంది. ఆ గుట్ట కింద ఒకప్పుడు చెలక ఉండేది. తరాల పాటు పెంట తోలి, దున్ని, పండించిన పైమట్టి. తవ్వేముందు పైమట్టిని వేరుగా తీసి దాచి, పని అయ్యాక మళ్లీ పరచాలన్నది గనుల పర్యావరణ అనుమతుల్లో ఉండే షరతే. అది ఎంత మేరకు, ఎంత త్వరగా జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. ఏళ్ల తరబడి కుప్పగా ఉన్న పైమట్టిలో వానపాము, బూజు, సూక్ష్మజీవి చచ్చిపోతాయి. ఏ రాయి మీదైనా నిలిచే మొక్క దొరికిందంటే, పైమట్టి ఎక్కడని అడిగేవాళ్లు తగ్గిపోతారు. పచ్చగా ఉంది కదా, ఇంకేం కావాలి అంటారు. తట్టుకునే మొక్కను పొగిడి పొగిడి, తట్టుకోవాల్సిన పరిస్థితి ఎందుకు వచ్చిందో మరిచిపోతాం. ఈ ప్రాంతంలో మనుషులకూ అదే నేర్పారు. దుమ్మును తట్టుకో, బ్లాస్టింగ్ అదురును తట్టుకో, ఎండను తట్టుకో. మొక్కకు కూడా అదొక్కటే చదువా?

మొక్క పక్షం: గని బతుకు నాకూ తెలుసు. భూమి లోపల నీళ్లు తోడే పంపుల దగ్గర సగం సర్వీసు చేశాను. నువ్వన్నది నేను తేలిగ్గా తీసుకోను. పైమట్టి అడగాలి, గట్టిగా అడగాలి. అడుగుతూ ఉండగానే నాటాలి కూడా. వచ్చే జూన్ ఎవరి జవాబు కోసమూ ఆగదు. తట్టుకోవడమంటే లొంగిపోవడం అని నాకు అనిపించదు చెల్లె. ఏరుమద్ది ఏటికి లొంగలేదు. ఏరు వచ్చినప్పుడు ఎట్లా ఉండాలో, పోయినప్పుడు ఎట్లా ఉండాలో నేర్చుకుంది. గట్టు కోసుకుపోకుండా ఆ ఏటినే పట్టి ఉంచింది.

మట్టి పక్షం: మద్దికి ఆ గట్టు తరతరాలుగా సొంతం. మనకు క్వార్టర్ సొంతం కాదు. మా ఆయనకు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. వదిలిపోయే ఇంటి మట్టికి ఇంత చాకిరీ ఎందుకని మా అమ్మ ప్రతి వానాకాలం అడుగుతుంది. నా జవాబు ఒకటే. మా తర్వాత వచ్చే ఇల్లాలికి ఏం ఇష్టమో నాకు తెలియదు. మంచి మట్టి వదిలితే ఆమె తనకు కావాల్సింది పెట్టుకుంటుంది. చెట్టు వదిలితే నా ఇష్టాన్ని ఆమె మీద పెట్టినట్టు. బండి పెట్టుకోవడానికి చెట్టును మొదటి రోజే కొట్టేయొచ్చు. మట్టిని ఎవరూ ఎత్తుకుపోరు.

మొక్క పక్షం: నేను తాళం అప్పగించి మూడేళ్లయింది. మొన్న ఆ దారిన పోతూ చూశాను. మా ఆవిడ కట్టిన కనకాంబరం మడి నేలమట్టమైంది, అక్కడ మడి ఉండేదని మాకు తప్ప ఎవరికీ తెలియదు. చూసేవాళ్లు లేకపోతే మట్టి రెండు వానలకే పాత పాటకు తిరిగిపోతుంది. కానుగ మాత్రం ఉంది. దాని కింద ఎవరో మంచం వేసుకుని నైట్ షిఫ్ట్ నిద్ర పోతున్నారు. నాకు తెలియని మనిషి. ఆ నిద్రకు నేను ఎవరి ఇష్టమూ అడగలేదు, నిజమే.

మట్టి పక్షం: ఆ నిద్రకు నేను విలువ కట్టలేను. అయినా ఒక్కటి అడుగుతా. మా పక్క క్వార్టర్‌లోకి ఈ మేలో కొత్త జంట దిగింది. ఖాళీ పెరడు, రేగడి. ఏం చేయమంటారని నన్నడిగారు. ఈ ఏడు ఏమీ నాటొద్దన్నాను. ఒక వానాకాలం నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో, ఎటు పోతున్నాయో చూడమన్నాను. ఆకు పోగేసి, ఎరువు వేసి, వచ్చే జూన్‌కు నాటమన్నాను. తెలియని నేలలో తొందరపడి పెట్టిన చెట్టును ఇరవై ఏళ్లు జరపలేం కదా.

మొక్క పక్షం: వాళ్లు నన్నూ అడిగారు. తొలకరి పడగానే ఒక కానుగ, నాలుగు మెట్టతామర దుంపలు పెట్టమన్నాను. ఆగిన ఏడాది తిరిగి రాదు. ఆమెకు ఏడో నెల, ఎండాకాలానికి చంకలో బిడ్డ ఉంటుంది. ఈ జూన్‌లో నాటితే ఆ బిడ్డ నడిచే నాటికి చెట్టు కింద చారెడు నీడైనా ఉంటుంది.

మట్టి పక్షం: వేళ్లు కుళ్లితే ఆ చారెడు కూడా ఉండదు.

మొక్క పక్షం: నాటకపోతే అసలే ఉండదు. మొగులు పడుతోంది చెల్లె. వాళ్లింకా గుంత తవ్వలేదు.